డబ్బా కుదిపితే గడియారం అవుతుందా?



ఈసారి ఛందస్సును గురించి గాని, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా అందడాన్ని గురించి గాని రాయడం లేదు. ఒక విజ్ఞానశాస్త్ర పాఠాన్ని గురించి రాస్తున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం తప్పు. అది తప్పని నాకు మూడేళ్లకే తెలిసింది. తెలిసిన తరవాత కూడా దిద్దుకొనడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యమే ఈ వ్యాసానికి కారణం.

అది 2003వ సంవత్సరం. మాది హోసూరు ప్రాంతం. తమిళనాట ఉన్నా తరతరాలుగా తెలుగే ఇంటిభాషగా నిలుపుకొన్న పల్లెలు మావి. తొమ్మిదో తరగతికి తెలుగు మాధ్యమంలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. పరమాణువులు కలిసి అణువులవుతాయనీ, ఆ కలయికను బంధమంటారనీ నల్లబల్ల మీద బొమ్మలు వేసి వివరిస్తున్నాను. రెండో వరుసలోనుంచి ఒక పిల్ల లేచి నిలబడింది.

"అయ్యవారూ, గడియారం ముక్కలన్నీ ఒక డబ్బాలో ఏసి బాగా కుదిపితే, అవే కూడుకొని గడియారం అయితాదా?"

తరగతి గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. "అట్లా అయ్యేటట్లయితే లోకంలో కంసాలి ఎందుకు, వడ్రంగి ఎందుకు? చేసేవాడు లేనిదే ఏదీ కాదమ్మా, కూర్చో" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. పాఠం ముందుకు సాగింది. ఆ సంవత్సరమంతా ఆమె మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగలేదన్న సంగతిని కూడా నేను అప్పుడు గమనించలేదు.

2006లో ఒక పత్రికలో చిన్న బొమ్మ చూశాను. గుండ్రని ముఖం, రెండు కళ్లు, నవ్వుతున్న నోరు. పిల్లలు పలక మీద వేసే బొమ్మవంటిదే. దాని కింద రాసినది చదివి, మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ ముఖం అడ్డుకొలత సుమారు 100 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఒక్క తలవెంట్రుక మందంలో అటువంటి ముఖాలను కొన్ని వందలు పక్కపక్కన పేర్చవచ్చు. ఆ ముఖాన్ని ఎవరూ చెక్కలేదు, గీయలేదు, అతికించలేదు. అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థలో పాల్ రోథెమండ్ అనే శాస్త్రవేత్త డి.ఎన్.ఏ. పోగులను మెగ్నీషియం లవణం కలిపిన నీటిలో వేసి, 95 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, సుమారు రెండు గంటలలో గది వేడికి చల్లార్చాడు. అంతే. ఒక్క బొట్టులో వేలకోట్ల ముఖాలు తమంతట తామే తయారయ్యాయి.

ముక్కలను డబ్బాలో వేశాడు, కుదిపాడు, బొమ్మ అయింది. కుదిపినది చేయి కాదు, వేడి. అంతే తేడా. రెండో వరుసలో నిలబడిన పిల్ల నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆమె అప్పటికే బడి విడిచి వెళ్లిపోయింది. ఎవరికి చెప్పాలి అనుకొన్నాను. నిజానికి చెప్పదలచుకొంటే ఎదురుగా ఉన్న తరగతికి చెప్పవచ్చు. చెప్పలేదు. సిగ్గు కొంత కారణం. రెండవ కారణం, దీనిని తెలుగులో ఎట్లా చెప్పాలో తెలియకపోవడం. మా పాఠ్యపుస్తకంలో ఈ విషయం లేదు. 'స్వయం సంయోజనం' అంటే పిల్లలకు నోరు తిరగదు, తిరిగినా అర్థం కాదు. 'స్వయంకూర్పు' అందామనుకొన్నాను. సంస్కృతపదాన్నీ తెలుగుపదాన్నీ ఇట్లా అతికితే పండితులు వైరి సమాసమని తప్పు పడతారేమో అని వెనుకాడాను. ఒక మాట దగ్గర ఆగి పాఠాన్నే ఆపుకొన్నాను. మనలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది.

అయినా చదవడం మానలేదు. చదివినకొద్దీ ఈ కథ రోథెమండ్ కంటె చాలా ముందే మొదలయిందని తెలిసింది. నేడ్రియన్ సీమన్ అనే అమెరికా శాస్త్రవేత్త స్ఫటికాలను పెంచి అణువుల ఆకారం తెలుసుకొనే పనిలో ఉండేవాడు. స్ఫటికాలు ఆయన మాట వినేవి కావు. 1980లో ఒకనాడు ఆల్బనీలోని విశ్వవిద్యాలయ ప్రాంగణపు పానశాలలో కూర్చొని, ఆరు చేతులున్న డి.ఎన్.ఏ. అణువు ఎట్లా ఉంటుందా అని ఊహించుకొంటుండగా, ఎషర్ అనే డచ్ చిత్రకారుడు 1955లో చెక్కిన ఒక చిత్రం మనసులో మెదిలిందట. అందులో చేపలు ముందూ వెనుకా, కిందా మీదా, కుడీ ఎడమా ఒకే ఎడంతో బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్క చేపను ఆరు చేతుల కూడలిగా భావిస్తే, అటువంటి కూడళ్లను ఒకదానికొకటి తగిలించి కోరిన స్ఫటికాన్ని కట్టవచ్చునని ఆయనకు తోచింది. 1982లో ఆ ఆలోచనను వ్యాసంగా ప్రకటించాడు.

డి.ఎన్.ఏ.నే ఎందుకు ఎన్నుకొన్నాడు? అది అక్షరాలు తెలిసిన పోగు కనుక. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలే దానికి నాలుగు అక్షరాలు. పిల్లలకోసం వాటిని అ, థ, గ, స అనుకొందాం. అ ఎప్పుడూ థను వెదకుతుంది, గ ఎప్పుడూ సను వెదకుతుంది. ఒక పోగు మీద ఉన్న వరుసకు సరిజోడైన వరుస ఉన్న పోగు ఎదురైతే రెండూ పెనవేసుకొంటాయి. ఆ పెనవేత మందం 2 నానోమీటర్లు, ఒక్కొక్క మెట్టు ఎత్తు 0.34 నానోమీటరు. ఇంత ఖచ్చితంగా కొలత తెలిసిన ఇటుక ప్రకృతిలో అరుదు. కణంలో అది వంశపారంపర్య సమాచారాన్ని మోస్తుంది. సీమన్ దృష్టిలో అది కట్టడపు సామగ్రి.

అయితే మామూలు డి.ఎన్.ఏ. తాడువంటిది. తాడుతో ఇల్లు కట్టలేము, కూడళ్లు కావాలి. కణాలలో అప్పుడప్పుడు నాలుగు చేతుల కూడలి ఏర్పడుతుంది గాని, నాలుగు వైపులా ఒకే పాఠం ఉండటంచేత అది ఒకచోట నిలువక జారిపోతుంది. నాలుగు చేతులకూ నాలుగు వేరువేరు వరుసలు రాస్తే కూడలి కదలదని సీమన్ గ్రహించాడు. ప్రతి చేతి చివరా జోడులేని ఒంటిపోగును కొంచెం వదిలిపెడితే, అది తనకు సరిజోడైన మరొక కొసకు అంటుకొంటుంది. 1991లో ఆయనా, ఆయన సహచరుడూ డి.ఎన్.ఏ. అంచులతో ఒక ఘనాన్ని కట్టారు. 1998లో ఎరిక్ విన్‌ఫ్రీతో కలిసి నేతబట్టవంటి పలుచని పొరను అల్లారు. తాను కోరిన మూడు కొలతల స్ఫటికం 2009లో గాని చేతికి రాలేదు. 1980లో తోచిన ఊహకు 29 ఏళ్లు. సీమన్ 2021లో కన్నుమూశాడు. ఫలితం వచ్చేవారం పరీక్షలోనే రావాలనుకొనే మన పిల్లలకు ఈ 29 ఏళ్ల లెక్కను ప్రత్యేకంగా చెబుతాను.

రోథెమండ్ పద్ధతి ఇంకొక విధమైనది. ఎం13 అనే వైరస్ నుంచి 7,249 అక్షరాల పొడుగు పోగును తీసుకొన్నాడు. దానిని చీర కుచ్చిళ్లవలె అటూ ఇటూ మడిస్తే కోరిన ఆకారం వస్తుంది. మడతలు విడిపోకుండా పట్టి ఉంచడానికి రెండు వందలకు పైగా పొట్టి పోగులను తయారు చేయించాడు. ఒక్కొక్క పొట్టి పోగు, పొడుగు పోగు మీద దూరదూరంగా ఉన్న చోట్లకు సరిజోడుగా రాయబడింది. అది ఆ చోట్లను దగ్గరకు లాగి పట్టుకొంటుంది. దర్జీ టాకాలు వేసినట్లే. అయితే ఇక్కడ సూదీ లేదు, దర్జీ చేయీ లేదు. ఏ టాకా ఎక్కడ పడాలో ఆ టాకా మీదనే రాసి ఉంది.

ఇక వేడి సంగతి. చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే. బాగా వేడిగా ఉన్నప్పుడు ఏ పోగూ ఏ పోగునూ పట్టుకొని ఉండలేదు. ఒక్కసారిగా చల్లార్చితే ఎవరికి ఎవరు దొరికితే వారిని పట్టుకొని, తప్పు జోడీలలోనే బిగుసుకొనిపోతాయి. మెల్లగా చల్లార్చితే, పూర్తిగా సరిపోయిన జోడీ నిలుస్తుంది. సగం సరిపోయినది విడిపోయి మళ్లీ వెదకుకొంటుంది. అంటే కట్టడం సరిగా రావడానికి సరైన బంధం ఒక్కటే చాలదు. తప్పు బంధం విడిపోయే అవకాశం కూడా ఉండాలి. 'చేసేవాడు లేనిదే ఏదీ కాదు' అని నేను ఒక్క క్షణంలో తీర్పు చెప్పి, దానిలోనే బిగుసుకొనిపోయాను. నాకు ఆ వేడి చాలలేదు.

గడచిన విద్యాసంవత్సరంలో ఎనిమిదో తరగతిలో ఒక పాఠం తొందరగా ముగిసి రెండు గంటలు మిగిలాయి. వచ్చే సంవత్సరం నాకు పదవీ విరమణ. ఇంకెప్పుడు చెబుతాననుకొన్నాను. పైగా ఆ తరగతిలో 2003 నాటి ఆ పిల్ల కుమారుడు ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఈ పాఠానికి ఆ తరగతినే ఎన్నుకొనడానికి అదీ ఒక కారణమని దాచకుండా చెబుతున్నాను.

తరగతిలో 27మంది. 24మందికి తలా రెండు కాగితపు పట్టీలు ఇచ్చాను, కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి. పట్టీల మీద అ, థ, గ, స అనే అక్షరాలు రాశాను. అకు థ, గకు స జోడు. తన పట్టీకి సరిజోడు ఎవరి చేతిలో ఉందో వెదకి ఆ చేయి పట్టుకోవాలి. సరిగా కూడితే ఆరుగురేసి చొప్పున నాలుగు వలయాలు ఏర్పడాలి. ఎవరు ఎక్కడ నిలబడాలో నేను చెప్పను. మిగిలిన ముగ్గురిలో ఒకరు కంచం మీద గరిటెతో దరువు వేస్తారు, ఇద్దరు గమనించి రాసుకొంటారు.

మొదటిసారి పట్టీకి రెండే అక్షరాలు రాశాను. గందరగోళమయింది. ఒకే పట్టీకి ముగ్గురు నలుగురు సరిజోళ్లు కనిపించారు. వలయానికి బదులు పొడుగాటి తోక ఒకటి, ఇద్దరిద్దరి గుంపులు కొన్ని మిగిలాయి. నాలుగు అక్షరాలతో రెండక్షరాల పట్టీలు 16 రకాలే రాయగలమనీ, ఆరక్షరాలవి 4,096 రకాలు రాయవచ్చుననీ లెక్క వేయించాను. ఘాతాంకాలు ఎందుకు నేర్చుకోవాలని ఎప్పుడూ అడిగే పిల్లవాడు ఆ రోజు అడగలేదు.

రెండోసారి ఆరక్షరాల పట్టీలు ఇచ్చాను. కొంత మేలు. అయితే ఆరింటిలో నాలుగక్షరాలు కుదిరితే చాలునని కొందరు చేయి పట్టుకొని, ఎంతకూ వదలలేదు. స్నేహితులు దొరికితే మరీ వదలలేదు. వారు వదలకపోవడంతో సరిజోడు ఉన్నవారు ఒంటరిగా తిరిగారు.

మూడోసారి దరువును ఉపయోగించాను. దరువు జోరుగా ఉన్నంతసేపు ఎవరూ ఎవరినీ పట్టుకోరాదు, తిరుగుతూ ఉండాలి. కొంచెం తగ్గినప్పుడు ఆరూ కుదిరినవారు మాత్రమే పట్టు నిలుపుకోవాలి, తక్కినవారు వదలాలి. దరువు మెల్లమెల్లగా తగ్గింది. ఆ కొద్ది నిమిషాలలో ఆ గదిలో జరిగినది చూడవలసినదే. మూడు వలయాలు చక్కగా మూసుకొన్నాయి. నాలుగో వలయంలో ఆరుగురూ చేరారు గాని చివరి రెండు చేతులూ కలియలేదు. దరువు మళ్లీ పెంచి తగ్గించాము. మళ్లీ అంతే. ఆ ఇద్దరిలో ఒక పాప పట్టీని వెలుతురుకు పట్టి చూసి, "అయ్యవారూ, మా తప్పు కాదు, మీరు రాసిందే తప్పు. ఇక్కడ గ ఉండాల, స రాసినారు" అంది.

చూశాను. నిజమే. ఈసారి నవ్వినది నేనొక్కడినే, నన్ను చూసి నేనే. ఒక్క అక్షరం మారితే కట్టడం ఎట్లా నిలిచిపోతుందో ఏ ఉపన్యాసమూ అంత బాగా చెప్పలేదు.

ఆట ముగిశాక పిల్లలకు ఒక హెచ్చరిక చెప్పాను. మీకు కళ్లున్నాయి, బుద్ధి ఉంది, వెదకగలరు. పోగులకు అవి లేవు. 'వెదకుతుంది' అన్నది మన మాటసౌకర్యం మాత్రమే. వేడివల్ల అణువులు ఎడతెగక ఒకదానినొకటి ఢీకొంటాయి, సరిగా కుదిరినవి మాత్రం ఎక్కువసేపు కలిసి ఉంటాయి. అంతే జరుగుతుంది. ఇంకొక సరళీకరణ కూడా ఒప్పుకొన్నాను. నిజమైన డి.ఎన్.ఏ.లో జోడు పోగులు ఎదురెదురు దిక్కులలో నడుస్తాయి. ఆట సులువుగా ఉండాలని ఆ నియమాన్ని వదిలాను.

మరునాడు రెండో పాఠం. డి.ఎన్.ఏ. అక్షరాలు తెలిసినదైతే, బ్లాక్ కోపాలిమర్ అనేది అక్షరాలు రానిది. దానికి తెలిసినవి రెండే మాటలు, మనవాడు, పరవాడు. అయినా అదీ కట్టడం కడుతుంది.

పాలిమర్ అంటే ఒకే రకం పూసలను వేలకొద్దీ గుచ్చిన దండ అనుకొందాం. తెల్లపూసల దండ ఒకటి, ఎర్రపూసల దండ ఒకటి. థర్మాకోల్‌లో ఉండే పాలీస్టైరీన్ ఒకటి, అద్దంవంటి యాక్రిలిక్ రేకులో ఉండే పాలిమర్ మరొకటి. ఈ రెండు రకాల దండలను ఒక గిన్నెలో కలిపితే నూనె, నీరువలె విడిపోతాయి. ఇప్పుడు ఒక తెల్లదండ కొసను ఒక ఎర్రదండ కొసకు గట్టి రసాయన బంధంతో ముడివేశాం. అదే బ్లాక్ కోపాలిమర్. కలిసి ఉండలేవు, విడిపోనూ లేవు. ఎంత దూరం జరిగినా దండ పొడవుకు మించి జరగలేవు. కనుక తెల్లవన్నీ తెల్లవాటి పక్కన, ఎర్రవన్నీ ఎర్రవాటి పక్కన చేరి, సామాన్యంగా 10 మొదలు 100 నానోమీటర్ల ఎడంతో ఒక క్రమం ఏర్పరచుకొంటాయి. రెండు భాగాలూ ఇంచుమించు సమానమైతే పొరపొరలుగా, ఒకటి మూడోవంతుకు తగ్గితే స్తంభాలుగా, ఇంకా తగ్గితే చిన్నచిన్న గోళాలుగా సర్దుకొంటాయి. దండ పొడవు మార్చితే ఎడం మారుతుంది. పొడవులన్నీ ఇంచుమించు సమానంగా ఉండే ఇటువంటి దండలను గుచ్చడం మైకేల్ ష్వార్ట్స్ 1956లో ప్రకటించిన పద్ధతివల్ల సాధ్యమయింది. ఆ పద్ధతిలో మొదటి రకం పూసలు అయిపోయినా దండ కొస చురుకుగానే ఉంటుంది. రెండో రకం పూసలు వేస్తే దానికే చేరుతూ పోతాయి.

పిల్లలలో సగంమందికి ఎర్రకాగితం, సగంమందికి తెల్లకాగితం గుచ్చి, ఒక ఎర్రవారినీ ఒక తెల్లవారినీ తువాలుతో చేయీచేయీ కట్టాను. 'మీ రంగువారి పక్కనే నిలబడండి' అన్నది ఒక్కటే నియమం. కొంత తోపులాట తరవాత ఎర్రబారు, తెల్లబారు, మళ్లీ తెల్లబారు, ఎర్రబారు తేలాయి. వంకరలు తిరిగి, వేలిముద్రలో గీతలవలె ఉన్నాయి. నేల మీద సుద్దతో రెండు తిన్నని గీతలు మాత్రం గీసి, ఎర్రవారు ఆ గీతలను తొక్కి నిలబడవచ్చునన్నాను. మధ్యలో ఉన్న బారులు కూడా తిన్నబడ్డాయి.

ఈ సుద్దగీతల కిటుకునే కంప్యూటరు చిప్పుల పరిశోధనలో ప్రయోగించారు. 2008లో సైన్స్ పత్రికలో ప్రకటితమైన పరిశోధనలో, అడుగున అక్కడక్కడ మాత్రమే గుర్తులు పెట్టి, పైన బ్లాక్ కోపాలిమర్ పొర పరచారు. అది గుర్తుల మధ్య ఖాళీలను తానే పూరించి, గుర్తులకు నాలుగు రెట్లు చుక్కలను ఏర్పరచింది. మొదటి గుర్తులలోని హెచ్చుతగ్గులను కూడా సవరించింది. ముగ్గులో కొన్ని చుక్కలు పెట్టి వదిలితే తక్కిన చుక్కలు అవే పడినట్లు.

ఇవన్నీ ప్రయోగశాలలకే పరిమితమని పిల్లలు అనుకోకూడదని, నా చెప్పు తీసి చూపించాను. చెప్పుల అడుగులకు వాడే ఒక రకం రబ్బరు 1960ల దశకంనుంచి బ్లాక్ కోపాలిమర్‌తో తయారవుతున్నది. సాగే దండకు రెండు కొసలా గట్టి పాలీస్టైరీన్ ముక్కలు ఉంటాయి. ఆ ముక్కలు ఒకచోట చేరి నానోమీటర్ల ముడులవుతాయి. ముడులు పట్టి ఉంచుతాయి, దండలు సాగుతాయి. వేడి చేస్తే ముడులు మెత్తబడి మళ్లీ కొత్త అచ్చులో పోయవచ్చు. మామూలు రబ్బరుకు గంధకంతో వేసిన బంధం అట్లా విడిపోదు. తలంటుకు కుంకుడురసం నురగ వచ్చేటప్పుడు కూడా ఇదే న్యాయం. నీటిని కోరే కొస, నూనెను కోరే కొస ఉన్న అణువులు గుంపుగా చేరి జిడ్డును మధ్యలో బంధిస్తాయి. నీటిని కోరే దండనూ, కోరని దండనూ ముడివేసిన బ్లాక్ కోపాలిమర్‌తో ఇటువంటి సూక్ష్మగోళాలు చేసి, నీటిలో కరగని పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందును వాటిలో నింపి ఇచ్చే ఔషధానికి దక్షిణ కొరియాలో 2007లో అనుమతి లభించింది.

మన సమీపంలో కూడా ఈ విద్య ఉంది. మా ఊరినుంచి బస్సెక్కితే మధ్యాహ్నంలోపు చేరగలిగిన బెంగళూరులో, జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో, యమునా కృష్ణన్ బృందం 2009లో డి.ఎన్.ఏ.తో ఒక చిన్న సాధనం కట్టింది. బ్రతికి ఉన్న కణంలోకి ప్రవేశించి, అక్కడి ఆమ్లత్వాన్నిబట్టి తెరుచుకొని మూసుకొంటూ, ఎక్కడ ఎంత ఆమ్లత్వం ఉందో వెలుగు ద్వారా తెలుపుతుంది. 'బెంగళూరులోనా?' అని పిల్లలు రెండుసార్లు అడిగారు. అమెరికా పేరు చెప్పినప్పుడు అట్లా అడగలేదు.

పాఠం చివర పేరు సంగతి వచ్చింది. 'తమంతట తామే కూడుకొనడం' అన్నది బాగుంది గాని పొడవెక్కువ. స్వయంకూర్పు అన్న మాటను పలక మీద రాసి, దీనిలో సంస్కృతం, తెలుగు కలిశాయి, పెద్దలు వైరి సమాసమంటారేమో అని చెప్పాను. ఒకడు లేచి, "కలవని రెండింటిని ముడేసినారు గదా అయ్యవారూ, కోపాలిమర్ కూడా వైరి సమాసమే" అన్నాడు. ఇరవై ఏళ్లు నేను వెనుకాడిన మాట వాడి నోట సరిగ్గా కుదిరింది. ఇంటిలో తెలుగు, కార్యాలయంలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మా పిల్లలకు ముడి అంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కరలేదు. ఏదీ దేనిలోనూ కరిగిపోకుండా, ఏదీ దేనినీ విడిచిపోకుండా కుదిరిన క్రమం వారి నాలుక మీదనే ఉంది. పోలికను ఇంతకుమించి లాగను. మనుషులు పూసలు కారు.

తరవాతి తలిదండ్రుల సమావేశానికి ఆ పిల్లవాడి తల్లి వచ్చింది. కొడుకు ఇంటిలో ఆట సంగతి చెప్పాడట. అందరూ వెళ్లాక వసారాలో నిలిపి, 2003లో నువ్వు అడిగిన ప్రశ్న గుర్తుందా అమ్మా అని అడిగాను.

"ప్రశ్న గ్యాపకం లేదు అయ్యవారూ. అందరూ నవ్వింది గ్యాపకం ఉండాది. మీరూ నవ్వినారు."

ఏమి చెప్పాలో కొంతసేపు తోచలేదు. తరవాత ఆమె ప్రశ్నను ఆమెకే చెప్పి, నా సమాధానం తప్పని ఒప్పుకొని, నవ్వు ముఖం సంగతి, చల్లార్చే సంగతి అన్నీ చెప్పాను. ఓపికగా విన్నది. విని, "అట్లయితే గడియారం అయితాదా, కాదా?" అంది.

"గడియారం కాదమ్మా. దాని ముక్కలకు తమ పక్క ముక్క ఏదో తెలియదు. ఆ సంగతి ముక్కల మీదనే రాసి, తప్పుగా కూడినప్పుడు విడిపోయే వీలు ఉంచితే, కుదుపుతోనే కూడుకొంటాయి" అన్నాను. ఆనాడు చెప్పవలసిన సమాధానం ఇది. ఆనాడు ఇదంతా నాకు తెలియదు నిజమే. 'నాకు తెలియదు, ఎప్పుడు అవుతుందో ఆలోచిద్దాం' అనడానికి మాత్రం ఏ శాస్త్రమూ తెలియనక్కరలేదు.

ఆమె వెళ్లబోతూ ఆగింది. "ముక్కల మీద రాసేది ఎవరు?" అని అడిగింది.

ప్రయోగశాలలో అయితే మనిషి రాస్తాడు, కణంలో అయితే కోట్ల ఏళ్ల జీవపరిణామంలో ఆ రాత వచ్చింది అన్నాను. దానిమీద ఆమెకు ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. బస్సు వేళ అయ్యేదాకా వసారాలోనే మాట్లాడుకొన్నాము.

ఈ పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయులకు కావలసినవి పాత కాగితాలు, ఒక కంచం, ఒక గరిటె, సుద్దముక్క, కొన్ని తువాళ్లు. పట్టీకి ఆరక్షరాలకు తగ్గకుండా రాయండి. దరువును తొందరపడి ఆపకండి. రాసిన పట్టీలను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. ఒకవేళ తప్పు దొర్లితే, దానిని పిల్లలే పట్టుకొనేదాకా వేచి ఉండండి.